రెండు పలకలు

ఎండలు ముదిరినాయంటే మన పక్క జాతరల కాలం. పుంగనూరులో సుగుటూరు గంగమ్మ, కుప్పంలో ప్రసన్న తిరుపతి గంగమ్మ, మదనపల్లె చుట్టూ పల్లెపల్లెకూ ఒక అమ్మతల్లి. ఏ జాతరైనా పలక మోగందే కదలదు. ఆ పలక కొట్టేది ఎవరు? మాలపల్లె నుంచి, మాదిగపల్లె నుంచి పోయిన మన నాయనలు, చిన్నాయనలు, మామలు. ఊరంతా ఆ దెబ్బకు ఊగిపోతుంది. దెబ్బ కొట్టినోని పేరు మాత్రం ఊరికి తెలీదు. ఈ పక్షం ఆ సంగతే మాట్లాడుకుందాం.

ఇది రాయడానికి కారణం ఒక తల్లి. కుప్పం పక్కన మేము పాఠాలు చెప్పే బడికి ఆమె ఒకరోజు పనికి పోకుండా వచ్చింది. చంకలో చిన్నబిడ్డ, ఆ బిడ్డ చేతిలో బలపం, పలక. పెద్దోడు మా దగ్గరే ఎనిమిదో తరగతి. "సారూ, మావోడు బడికొస్తా ఉండాడు గానీ ధ్యాసంతా పలక మీదనే. సెలవొస్తే చాలు, జట్టు ఎనకాల సావిళ్ళకు పోతాడు. వాళ్ళ నాయన ఆ పలక పట్టుకొని ఏం బాగుపడినాడు? మీరన్నా గదమాయించండి. ఆ పలక ఇడిస్తేనే గదా సారూ ఈ పలక చేతికొచ్చేది!" అని బిడ్డ చేతిలోని పలకను చూపించింది.

మిగతా జిల్లాల్లో డప్పు అంటారు, తప్పెట అంటారు. మన చిత్తూరు పక్క దాన్ని పలక అంటాం. పిల్లోళ్ళు ఓనమాలు దిద్దేదాన్నీ పలకే అంటాం. రెండు పలకల్లో ఒకటి మనకు పుట్టుకతో అంటగట్టినారు. ఇంకొకటి మనకు అందకుండా తరతరాలు దాచిపెట్టినారు. ఆ తల్లి మాట వినంగానే మాకు నోరు పెగల్లేదు. "చూస్తాం లేమ్మా" అని పంపించేసినాం. ఈ నాలుగు మాటలూ ఆమెకు ఆరోజు చెప్పలేకపోయిన జవాబు.

మా సంగతి కొంచెం చెప్పుకోవాలి. మేము పుట్టింది పుంగనూరు దగ్గర ఒక పల్లెలో. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మా చిన్నాయనది పలకల జట్టు. ఆరు పలకలు. సినిమా హీరోలకు అభిమాన సంఘాలు ఉంటాయి, కటౌట్లకు పాలు పోస్తారు. మేము మాత్రం ఊహ తెలిసినప్పటినుంచి ఆ ఆరు పలకలకే అభిమానులం. జట్టు ఎక్కడికి పోతే అక్కడికి వెనకాలే పరిగెత్తినోళ్ళం.

వాళ్ళు కొట్టేదాన్ని ఎదురుగా నిలబడి చూసినోనికే ఆ పని తెలుస్తుంది. ముందు గడ్డి వేసి మంట పెడతారు. చుట్టూ కూర్చొని చర్మాన్ని సెగకు చూపిస్తారు. చేత్తో తట్టి చూస్తారు. చాలకపోతే మళ్ళీ సెగ. ఎక్కువైతే చర్మం చిట్లిపోతుంది, తక్కువైతే దెబ్బ మెత్తగా పడుతుంది. అది చెవికి తెలియాలే గానీ చెప్పేటందుకు పుస్తకం లేదు. తర్వాత పలక భుజానికి తగిలించుకొని, కుడిచేతిలో పొట్టి కట్టె, ఎడమచేతిలో సన్నపాటి పొడుగు పుల్ల పట్టుకుంటారు. చిన్నాయన ఒక్కడే మొదట ఒక దెబ్బ వేస్తాడు. ఆగుతాడు. రెండో మనిషి అందుకుంటాడు. ఆరో పలక కలిసేసరికి నేల అదురుతుంది. చావుకొక దెబ్బ, పెండ్లికొక దెబ్బ, చాటింపుకొక దెబ్బ, అమ్మవారిని కదిలించేటప్పుడు ఒక దెబ్బ. చేలో పనిచేసే ఆడోళ్ళు కొడవలి ఆపి చెవి పెట్టి, "ఎవరో పోయినారు" అనో, "చాటింపు ఏస్తా ఉండారు" అనో చెప్పేసేవాళ్ళు. ఇది విద్య కాదా? సంగీతం కాదా?

ఊరు మాత్రం దాన్ని విద్య అనలేదు, సంగీతం అనలేదు. ఊడిగం అనింది. పలక లేకుండా అమ్మవారు కదలదు, పలక కొట్టేవాడు మాత్రం గుడి మెట్టు ఎక్కకూడదు. రాత్రంతా కొడితే తెల్లారి దోసెడు బియ్యం, ఒక పాతపంచ, ఇంత సారాయి. కూలి అడిగితే "అమ్మవారి సేవకు కూలేందిరా?" అనేది జవాబు. పూజారి సేవకు దక్షిణ ఉంది, వంటవాని సేవకు డబ్బుంది. మన సేవ ఒక్కటే ఉత్తపుణ్యం!

మేము పుంగనూరులో హాస్టల్లో ఉండి ఎనిమిదో తరగతి చదివేటప్పుడు, 1993లో, ఒక పల్లె జాతరకు బడి స్నేహితులతో పోయినాం. ఊరేగింపు ముందర మా చిన్నాయన జట్టు. చెమటతో ఒళ్ళంతా తడిసిపోయింది. ముందు తాగినోడొకడు ఎగురుతూ, పలక కొట్టేవాళ్ళను నోటికొచ్చిన మాట అంటున్నాడు, తోస్తున్నాడు. అంత రద్దీలోనూ చిన్నాయన మమ్మల్ని చూసినాడు. "రేయ్ అబ్బోడా, అన్నం తింటివా?" అని కేకేసినాడు. పక్కనోడు "ఆయప్ప నీకు తెలుసా?" అన్నాడు. "తెలీదు" అన్నాం.

ఆ మాట ఆయన విన్నాడు. మమ్మల్ని ఏమీ అనలేదు. ఇంటికి పోయినాక మా అమ్మతో, "బిడ్డ చదువుకుంటా ఉండాడు వదినా, నలుగురిలో నేను వాన్ని పిలవకుండా ఉండాల్సింది" అన్నాడంట. తప్పు మాది. క్షమాపణ ఆయన చెప్పుకున్నాడు. కులం ఎంత పని చేస్తుందో చూడండి! కొట్టిన వానికి, తోసిన వానికి సిగ్గు లేదు. సిగ్గంతా మన ఇంట్లో, మన బిడ్డల మొహాల్లో తెచ్చి పెట్టింది.

మరుసటి సంవత్సరం 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా ఉద్యమం పుట్టింది. చంకన పలక వేసుకొని, పేరు చివర కులం పేరు పెట్టుకొని రోడ్డు మీదికి వచ్చినారు. దాచుకున్న కులాన్నీ, దాచుకున్న పలకనూ ఒకేసారి బయట పెట్టినారు. దండోరా డిమాండు మీద మనలో మనకు ఎన్ని వాదాలైనా ఉండవచ్చు. సిగ్గుపడే వస్తువును జెండాలాగా ఎత్తి పట్టుకోవచ్చని చూపించింది మాత్రం వాళ్ళే. అంతకు ముందే, 1972లో పుట్టిన జన నాట్య మండలి పలకను సభల మీదికి ఎక్కించింది. గద్దరన్న గొంతు మేము మొదట వినింది హాస్టల్లో, అరిగిపోయిన క్యాసెట్లో. ఆ క్యాసెట్లో వెనకాల మోగే దెబ్బ మా చిన్నాయన దెబ్బలాగే ఉందే అని ఆశ్చర్యపోయినాం. గద్దరన్న 2023 ఆగస్టు 6న వెళ్ళిపోయినాడు. ఆ ఆశ్చర్యం మాత్రం మాలో ఇంకా పోలేదు.

తర్వాత ఇంటర్మీడియట్‌కు మదనపల్లె చేరినాం. 1996 ఏప్రిల్ 14కు అంబేద్కర్ జయంతి చేసే పెద్దలు, "మీ పక్క మంచి పలకల జట్టు ఉందా అబ్బా?" అని అడిగినారు. గొంతులో ఏదో అడ్డం పడింది. అయినా ఈసారి "తెలీదు" అనలేదు. "మా చిన్నాయనదే ఉంది" అన్నాం.

ఊరికి పోయి పిలిస్తే చిన్నాయన మొదట అడిగిన మాట: "ఎవరు పోయినార్రా?" పలక కోసం మనిషి వచ్చినాడంటే ఎవరో చచ్చినట్టే ఆయనకు. "ఎవరూ పోలేదు చిన్నాయనా, అంబేద్కర్ పుట్టినరోజు" అన్నాం. "పుట్టినరోజుకు పలకెందుకురా?" అన్నాడు. అయినా బయలుదేరినారు ఆరుమందీ.

మదనపల్లెలో సభ. వేదిక మీద ఆరు కుర్చీలు వేసినారు. ఎవరూ కూర్చోలేదు. కుర్చీలు ఇంకెవరి కోసమో వేసినారనుకొని పక్కన నిలబడినారు. కార్యకర్తలు చేయి పట్టుకొని కూర్చోబెట్టినారు. మైకులో ఆరుమంది పేర్లూ ఇంటిపేరుతో సహా, చివర 'గారు' చేర్చి చదివినారు. తన పేరు చివర 'గారు' వినింది చిన్నాయన జీవితంలో అదే మొదటిసారి.

లేచి చాటింపు దెబ్బ వేసినాడు. జనం గప్‌చిప్ అయిపోయినారు. ఆ దెబ్బ తర్వాత ఊరిపెద్దల ఆజ్ఞ చెప్పడం రివాజు గదా! ఆరోజు ఏ పెద్ద ఆజ్ఞా లేదు. ఏం చెప్పాలో తోచక చిన్నాయన ఒక్క క్షణం నిలబడి నవ్వేసినాడు. కింద నుంచి జనమే "జై భీమ్" అన్నారు. ఇంక చూడండి, ముప్పావుగంట! ఆరు పలకలూ ఒకదాన్ని ఒకటి పిలుస్తున్నాయి, తగువులాడుతున్నాయి, మళ్ళీ ఒక్కటవుతున్నాయి. పల్లెల నుంచి వచ్చిన అక్కలు, అవ్వలు కొంగు బిగించి లేచినారు. మా అమ్మ ఎగరడం మేము ఆరోజే చూసినాం. ఆ తర్వాత టీవీల్లో, ఫోన్లలో ఎన్ని కచేరీలు చూసినామో. ఆ ముప్పావుగంటకు సాటివచ్చేది ఇంకా దొరకలేదు.

అయిపోయినాక శాలువా కప్పి, కవరులో మూడువందలు పెట్టి ఇచ్చినారు. చిన్నాయన కవరు పట్టుకొని మా దగ్గరికి వచ్చి, "దీన్ని ఎవరికియ్యాల అబ్బోడా?" అన్నాడు. "నీకే చిన్నాయనా" అన్నాం. ఆ రాత్రి బస్టాండులో లైటు కింద ఆరు భాగాలు చేసినాడు. తనకూ ఒక భాగమే.

జాతరలో కొట్టినవీ ఆ చేతులే, సభలో కొట్టినవీ ఆ చేతులే. అదే చర్మం, అదే దెబ్బ. మరి తేడా ఎక్కడుంది? ఇక్కడ ముందుగా అడిగినారు. కూర్చోబెట్టినారు. పేరు చెప్పినారు. కష్టానికి కూలి ఇచ్చినారు. కాబట్టి మైల పలకలో లేదు సోదరులారా, వెట్టిలో ఉంది.

మన యువకుల్లో కొంతమంది "పలకను కాల్చిపారేయాలి" అంటున్నారు. వాళ్ళ కోపం న్యాయమైందే. 1927లో మహద్ సభలో బాబాసాహెబ్ చచ్చిన గొడ్డు మాంసం మానమన్నాడు, హీనంగా చూసే పనులు వదలమన్నాడు. పలక కూడా అట్లాంటిదే కదా అంటారు. తమిళనాడులో ఎన్నో పల్లెల్లో మనవాళ్ళు చావులకు పఱై కొట్టం అని ఎదురు తిరిగినారు. ఆ పఱై పేరు నుంచే ఒక కులం పేరు పుట్టింది, ఆ కులం పేరు నుంచే 'పరయా' అనే మాట ఇంగ్లీషులోకి పోయి, ప్రపంచమంతా వెలివేసిన మనిషికి పేరైంది. ఒక వాయిద్యాన్ని ఇంతగా అవమానించిన దేశం ఇంకొకటి ఉందా?

కానీ ఇంకొక చరిత్ర కూడా చూడండి. 1739లో అమెరికాలోని దక్షిణ కరోలినాలో స్టోనో నది దగ్గర నల్ల బానిసలు తిరగబడినారు. డప్పులు కొట్టుకుంటూ, జెండా పట్టుకొని నడిచినారు. ఆ దెబ్బ విని తోటి బానిసలు వచ్చి కలిసినారు. దొరలు ఆ తిరుగుబాటును నెత్తుట్లో ముంచినారు. మరుసటి ఏడు, 1740లో ఒక చట్టం చేసినారు. బానిసలు డప్పు, కొమ్ము ఉంచుకోకూడదు. బానిసలకు ఎవరూ రాత నేర్పకూడదు. రెండూ ఒకే చట్టంలో! ఆ పలకనూ ఈ పలకనూ కలిపే లాక్కున్నారు. ఎందుకు? రెండింటికీ మనుషుల్ని కూడగట్టే శక్తి ఉందని దొరకు తెలుసు. మన దొరలు ఇంకా తెలివైనోళ్ళు. రాసే పలకను ఇయ్యలేదు. మోగే పలకను లాక్కోలేదు, దాన్ని మెడకు కట్టి తమ వాకిట్లో కొట్టించుకున్నారు. అందువల్ల పలకను కాలిస్తే పోయేది వాళ్ళ సొత్తు కాదు, మన సొత్తు. తెంచాల్సింది ఆ కట్టుతాడు.

తెంచుకుంటే ఏమవుతుందో మన పక్క రాష్ట్రం చూపిస్తోంది. 2018 జనవరిలో చెన్నైలో 'ది కాస్ట్‌లెస్ కలెక్టివ్' అని ఒక బ్యాండు మొదటి కచేరీ చేసింది. సినిమా దర్శకుడు పా. రంజిత్ వెనక నిలబడినాడు. గిటారు పక్కనే చావుమేళం వాయిద్యాలు, మురికివాడల గానా పాటలు. కులం మీద, రిజర్వేషన్ల మీద, అంబేద్కర్ మీద పాటలు. కుప్పంలో రైలెక్కితే కొన్ని గంటల్లో చేరే ఊరే చెన్నై. మా ఎనిమిదో తరగతి పిల్లోడు ఫోన్లో దాన్ని చూసే బల్ల మీద కొడుతున్నాడు. బీహార్లో పాట్నా దగ్గర ధీబ్రా అనే గ్రామంలో దళిత మహిళలే బ్యాండు కట్టుకొని పెండ్లిళ్ళకు పోతున్నారు. మగవాళ్ళ పని అన్న మాటను కూడా వాళ్ళు పక్కకు నెట్టేసినారు.

మన పక్క ఏం జరుగుతోంది? ఒక పల్లెలో మన యువకులు, "రేటు మాట్లాడితేనే పలక" అన్నారు. ఊరిపెద్దలు "మీరు లేకుంటే జాతర ఆగుతుందా" అని కేరళ చెండమేళం, పట్నం డీజే తెప్పించినారు. వేలకు వేలు లెక్కపెట్టి ఇచ్చినారు. అన్నం వేరేగా వండి పెట్టినారు. అంటే వాళ్ళ దగ్గర డబ్బు లేక కాదు, వాయిద్యగాళ్ళను గౌరవించడం తెలియక కాదు. మనకు ఇయ్యడమే వాళ్ళకు ఇష్టం లేదు. ఆ యువకులు ఓడిపోయినారని కొందరు నవ్వినారు. మేము అట్లా అనుకోవడం లేదు. ఉచిత సేవ కాదు, దీనికి వెల ఉంది అని ఊరు తన చేతులతోనే ఒప్పుకుంది.

ఇంకొక నష్టం మన వైపే ఉంది. మదనపల్లె గొప్ప చెప్పుకునే కథ ఒకటుంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగోర్ ఇక్కడి బిసెంట్ థియోసాఫికల్ కాలేజీకి వచ్చి జనగణమన పాడినాడు, ఇక్కడే దాన్ని ఇంగ్లీషులోకి మార్చినాడు. మార్గరెట్ కజిన్స్ దానికి స్వరాలు కాగితం మీద రాసి పెట్టింది. మంచిదే. ఒక పాట స్వరాలు రాసుకున్నందుకు నూరేళ్ళు దాటినా ఊరు ఆ పేరు చెప్పుకుంటోంది. మరి ఆ ఊరి చుట్టూ మోగిన మన పలకల దెబ్బలను ఎవరు రాసినారు? ఎవరూ రాయలేదు. మా చిన్నాయన 2011లో పోయినాడు. ఆయన చావుకు కొట్టిన జట్టుకు ఆయన దెబ్బల్లో సగం రావు. ఆ సగం ఆయనతోపాటే మట్టిలోకి పోయింది. చదువుకున్న మేము పక్కనే ఉండి కూడా రాసుకోలేదు. ఈ తప్పు ఏ రెడ్డి మీదకూ, ఏ నాయుడు మీదకూ తొయ్యలేము.

కాబట్టి ఈ జాతరల కాలంలో పల్లెపల్లెలో కూర్చొని కొన్ని తీర్మానాలు చేసుకుందాం.

ఒకటి: ముందుగా వచ్చి అడగకుండా, రేటు మాట్లాడకుండా ఎవరి వాకిట్లోనూ పలక మోగకూడదు. జట్టంతా ఒకే మాట మీద ఉండాలి. సారాయి కూలి కాదు. చావైనా, జాతరైనా, పెండ్లైనా ఇదే మాట.

రెండు: బలవంతంగా కొట్టించడం వెట్టి. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చినప్పటి నుంచే వెట్టి చేయించడం నేరం. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో సాంఘిక బహిష్కారం, ఆర్థిక బహిష్కారం పెట్టినా, పెడతామని బెదిరించినా నేరమే. "పలక కొట్టకపోతే పనికి పిలవం, నీళ్ళు రానియ్యం" అన్న మాట చాలు. సాక్షులతో సహా రాసి పెట్టుకోండి. కార్యకర్తలకు కబురు చేయండి.

మూడు: ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారులకు పింఛను ఉంది. 2024 జులైలో దాన్ని నెలకు 4000 రూపాయలు చేసినారు. మన పల్లెల్లో అర్హత ఉండీ అడగనివాళ్ళు ఉన్నారు, అడగడానికి సిగ్గుపడేవాళ్ళూ ఉన్నారు. వయసెంత ఉండాల, ఏ కాగితాలు కావాల అనేది సచివాలయంలో అడగండి. చదువుకున్న పిల్లోళ్ళు పెద్దల పక్కన కూర్చొని దరఖాస్తు నింపండి.

నాలుగు: మన పెద్దలు కొట్టే ప్రతి దెబ్బనూ ఫోన్లో పట్టుకోండి. దాని పేరేంది, ఎప్పుడు కొడతారు, ఎవరు నేర్పినారు అని అడిగి నోటుబుక్కులో రాయండి. అంబేద్కర్ జయంతికి సినిమాపాటల రికార్డింగ్ డాన్సు బదులు మన జట్టును పిలవండి. కుర్చీ వేయండి, పేరు చదవండి, కూలి ఇయ్యండి. మన సంఘాలే మనవాళ్ళ చేత ఉచితంగా కొట్టించుకుంటే ఊరిని అడిగే హక్కు మనకెక్కడిది? నేర్చుకుంటామన్న ఆడబిడ్డలకూ నేర్పండి.

ఇప్పుడు ఆ తల్లికి జవాబు. అమ్మా, మీ భయం నిజం. పలక పట్టుకున్నందుకు మీ ఆయన పడిన అవమానం మీకు తెలుసు. బడి మానేసి సావిళ్ళకు పోతే మేమూ ఊరుకోం. వాని చదువుకు మాదీ బాధ్యత. ఏ ఊరిపెద్ద పిలిచినా బడి ఎగ్గొట్టి పోకూడదని వానికి గట్టిగానే చెప్తాం. కానీ ఆ పలకను చూసి సిగ్గుపడమని మాత్రం మేము చెప్పలేము. ఒకసారి మేము సిగ్గుపడి, మా చిన్నాయనను "తెలీదు" అన్నాం. ఆయన మాకు మళ్ళీ ఆ మాట గుర్తు చేయలేదు. ముప్పైయేండ్లు దాటినా మేము మాత్రం మర్చిపోలేదు. మీ బిడ్డకు అట్లాంటి మాట నోట్లో నుంచి రానియ్యకండి. వాడు చదువుకొని, ఉద్యోగం చేసుకుంటూ, తనకు ఇష్టమైనప్పుడు, తను ఒప్పుకున్న చోట పలక కొట్టనీయండి. కొట్టనంటే వద్దు. అది వాని ఇష్టం, ఊరి ఇష్టం కాదు.

వచ్చే ఆదివారం వాళ్ళ నాయనను బడికి పంపించండి. కుర్చీ వేస్తాం. ఆయన దెబ్బలు చెప్తే పిల్లోళ్ళు రాసుకుంటారు. మేమూ రాసుకుంటాం.

జై భీమ్!